లిఫ్టులో వెళ్లి మెట్లెక్కి వద్దాం రండి

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నారు పెద్దలు. మాదాపూర్‌లో అది అక్షరాలా జరిగింది. గుట్టలకు మందు పెట్టి పేల్చారు, చదును చేశారు, అద్దాల మేడలు కట్టారు. వాటి నిండా కుర్చీలు వేశారు. పక్క టేబుల్ దాకా కూడా లేచి నడిచే శ్రమ ఉండకూడదని కుర్చీలకు చక్రాలు పెట్టారు. ఆపైన మన పిల్లల్ని తెచ్చి కూర్చోబెట్టారు. కొండలు కరిగాయి. కరిగిన కొండ ఊరికే పోతుందా? తలా కొంచెం పంచుకుని చొక్కాల కింద దాచుకున్నారు.

నేను సరదాకి అంటున్న మాట కాదిది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు కలిసి నగరంలో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి, 2025లో ఫలితాలు అచ్చువేశారు. నూటికి 84 మంది కాలేయంలో కొవ్వు పేరుకుంది. నూటికి 71 మందికి ఊబకాయం. లివర్ జబ్బంటే సారా కొట్టు దగ్గర తచ్చాడేవాళ్ల వ్యవహారమని మా తరం అనుకునేది. ఇప్పుడు కాఫీ తప్ప ఏమీ ముట్టని కుర్రాడు కూడా బీటెక్ పట్టాతో పాటు ఫ్యాటీ లివర్ రిపోర్టు ఫైల్లో పెట్టుకు తిరుగుతున్నాడు.

ఇంత జరిగాక యాజమాన్యాలు చూస్తూ ఊరుకుంటాయా? వెంటనే రంగంలోకి దిగాయి. పని గంటలు తగ్గించాయా? అబ్బే. రాత్రి పదకొండింటి కాల్స్ ఆపాయా? ఆపితే క్లయింటు ఏమనుకుంటాడు! నలుగురు చేసే పని ఇద్దరి నెత్తిన వేయడం మానుకున్నాయా? అశుభం మాట్లాడకండి. ట్రెడ్‌మిల్ కొన్నాయి.

అలాంటి జిమ్ ఒకటి కళ్లారా చూసే భాగ్యం ఈమధ్య నాకు కలిగింది. కంపెనీ పేరు మనకెందుకు లెండి, పేరు మారినా జిమ్ మారదు. తొమ్మిదో అంతస్తు. అక్కడికి చేరడానికి కింద లిఫ్టు దగ్గర చాంతాడంత క్యూ. క్యూలో నిలబడి, లిఫ్టులో ఇరుక్కుని, పైకి చేరితే ఎదురుగా నిగనిగలాడుతూ ఒక యంత్రం. దాని పనేమిటని అడిగాను. మెట్లెక్కే మిషనట. తొమ్మిది అంతస్తులు లిఫ్టులో వచ్చింది దీని మీద మెట్లెక్కడానికి! పైగా ఈ మెట్లు ఎంతసేపు ఎక్కినా పై అంతస్తు రాదు. ఆ కంపెనీ ప్రమోషన్ల పద్ధతి బాగా తెలిసినవాళ్లెవరో దాన్ని తయారు చేసుంటారు.

దాని పక్కన వరుసగా ట్రెడ్‌మిల్లులు, అద్దం వైపు తిప్పి. అద్దంలోంచి చూస్తే కింద బయోడైవర్సిటీ జంక్షన్ దాకా ట్రాఫిక్. పైన మనిషి పరుగెత్తుతున్నాడు గానీ ముందుకు పోవడం లేదు, కింద కారు ఇంజను తిరుగుతోంది గానీ ముందుకు పోవడం లేదు. ఈయన ఖర్చు చెమట, ఆయన ఖర్చు పెట్రోలు.

తలుపు మీద వేళల బోర్డు ఉంది. ఉదయం ఏడు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది, పని వేళల్లో వాడరాదు. పొద్దున్న ఏడింటికి ఎల్బీనగర్ ఉద్యోగి పిల్లవాడికి టిఫిన్ బాక్సు కడుతుంటాడు, లేదా ఎక్కిన క్యాబ్‌లో సగం నిద్ర పూర్తి చేస్తుంటాడు. సాయంత్రం ఆరు దాటితే అమెరికా క్లయింటు నిద్ర లేస్తాడు. అప్పుడు మనవాడు డంబెల్ ఎత్తితే వాడి కాల్ ఎవరెత్తుతారు? ఎత్తేవాడు ఎప్పుడూ ఏదో ఒకటే ఎత్తగలడు కదా.

మరి జిమ్‌లో ఎవరున్నారంటే, ఇద్దరున్నారు. ఇద్దరూ కండలు తిరిగినవాళ్లే. ఇద్దరికీ ఇంటి దగ్గర వేరే జిమ్ ఉంది. పొట్ట ఉన్నవాడు అక్కడ ఒక్కడు కనిపిస్తే ఒట్టు. ఇదేదో మన దేశపు బద్ధకం అనుకోకండి. అమెరికాలో ఇలినాయ్ యూనివర్సిటీ తన ఉద్యోగుల మీదే ఈ సంగతి తేల్చుకుంది. దాదాపు ఐదు వేల మందిని తీసుకుని, లాటరీ పద్ధతిలో కొందరికి ఆరోగ్య కార్యక్రమం పెట్టి, కొందరికి పెట్టకుండా చూశారు. ఏడాది తిరిగాక వైద్యం ఖర్చులో గానీ, జిమ్‌కు వెళ్లే అలవాటులో గానీ తేడా ఏమీ కనపడలేదు. తేలిందల్లా ఒకటే: ఇలాంటి కార్యక్రమాల్లో ఉత్సాహంగా చేరేది ముందునుంచీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. 2019లో ఇది అచ్చయింది. అదే ఏడాది ఇంకో పెద్ద అమెరికా చిల్లర వ్యాపార సంస్థలో, 160 శాఖల్లో, 33 వేల మంది దాకా ఉద్యోగుల మీద చేసిన పరిశోధన వచ్చింది. వ్యాయామం చేస్తున్నాం అని చెప్పేవాళ్లు కొంచెం పెరిగారు, ఏడాదిన్నర తర్వాత కూడా బరువులో, బీపీలో, సెలవుల లెక్కలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు. చెయ్యడం సంగతేమో గానీ చెప్పడం మాత్రం పెరిగింది. హెచ్చార్ డిపార్టుమెంటుకు కావలసిందీ అదే.

జిమ్‌కు చోటులేని కంపెనీల్లో 'స్టెప్ చాలెంజ్' ఉంటుంది. నెల రోజుల పోటీ, రోజుకు పదివేల అడుగులు, టీములవారీగా పట్టిక, గెలిచినవాళ్లకు గిఫ్ట్ వోచర్లు. ఆ వోచర్లు ఏ పిజ్జా కొట్టువో అడక్కండి. (పదివేలన్న అంకె కూడా డాక్టర్లు నిర్ణయించింది కాదు. 1960లలో జపాన్‌లో ఒక కంపెనీ అడుగుల మీటరు అమ్ముకోవడానికి దానికి పెట్టుకున్న పేరులోంచి వచ్చింది.) పోటీ మొదలైన వారానికల్లా మనవాళ్ల తెలివి వికసిస్తుంది. ఉయ్యాల్లో పసిపిల్ల పక్కన బ్యాండు పెట్టి ఊపినవాడున్నాడు. కుక్క మెడకు కట్టి పార్కులో వదిలినవాడున్నాడు. కాన్ఫరెన్స్ కాల్ సాగినంతసేపూ టేబుల్ కింద చెయ్యి ఊపుతూ, సీట్లోంచి లేవకుండా లక్ష్యం చేరుకున్న మహానుభావుడూ ఉన్నాడు. చేతితో చేసే పనిని ఆటోమేట్ చెయ్యమని జీతమిచ్చి నేర్పింది మీరే, ఇప్పుడు తప్పుపడితే ఎలా?

అలాంటి పోటీ నడిచే ఒక ఆఫీసులో ఒక హౌస్‌కీపింగ్ అక్క ఉంటుంది. పొద్దున్న ఆరింటికి మాప్ పట్టుకుందంటే మళ్లీ కూర్చునేది అన్నం దగ్గరే. ఒక కుర్రాడు సరదాగా తన బ్యాండు ఆవిడ చేతికి కట్టాడు. భోజనాల వేళకే పన్నెండు వేలు దాటింది. పట్టికలో అట్టడుగున ఉన్న టీము అమాంతం రెండో స్థానానికి ఎగబాకింది. "అక్కా, రేపు కూడా కట్టుకోవా" అని నలుగురూ బతిమాలారు.

"కట్టుకుంట గని సారూ, మీ లిఫ్టుల మమ్ముల గూడ ఎక్కనియ్యమని చెప్పుండ్రి. మా సర్వీసు లిఫ్టు మూడు దినాల సంది ఖరాబున్నది" అంది ఆవిడ.

ఆ విన్నపం ఎవరికి మెయిల్ చెయ్యాలో ఎవరికీ తోచలేదు. వోచర్లు టీము పంచుకుంది. ఆవిడ పేరు పోటీలో ఎక్కించే వీలు లేదట, కాంట్రాక్టు మనిషి, కంపెనీ మెయిల్ ఐడీ ఉండదు. మెయిల్ ఐడీ లేనివాళ్లకు మోకాళ్లు కూడా ఉండవని కాబోలు.

నేను చూసిన తొమ్మిదో అంతస్తు జిమ్ నుంచి తిరుగు ప్రయాణంలో లిఫ్టు క్యూ చూసి విసుగొచ్చి మెట్లెక్కడున్నాయని వెతికాను. లిఫ్టు పక్కనే పెద్ద పోస్టరుంది, 'ఆరోగ్యం కోసం మెట్లు వాడండి' అని. బాణం గుర్తు చూపించిన వైపు వెళితే ఫైర్ ఎగ్జిట్ తలుపు. దాని మీద పచ్చరంగు బొమ్మలో ఒక మనిషి పరుగెత్తుతున్నాడు. ఆ అంతస్తు మొత్తం మీద కాళ్లు కదుపుతున్నది వాడొక్కడే. తలుపు మీద చెయ్యి వేశానో లేదో, సెక్యూరిటీ మనిషి పరుగున వచ్చాడు. పాపం, అతనికీ ఆ పూట వ్యాయామం అయింది.

"సార్, గటు పోవద్దు. డోరు దీస్తె అలారం కొడుతది."

"మెట్లు వాడమని పోస్టరుంది కదయ్యా?"

"గది హెచ్చార్ వాళ్లు పెట్టిండ్రు సార్. డోరు బిల్డింగోళ్లది. మెట్లు మంటలొస్తె దిగనీకె, ఉత్తగ ఎక్కనీకె కాదు."

భద్రత కారణాలట. కార్డు గీకి మెట్లలోకి దూరితే మళ్లీ ఇంకో అంతస్తులోకి తలుపు తెరుచుకోదట, ఏ కంపెనీ డేటా ఏ కంపెనీ వాడు ఎత్తుకుపోతాడో తెలియదు కనుక. దేశంలో ఏ వ్యాయామశాలా పోటీపడలేని పరికరం, నిర్వహణ ఖర్చు లేనిది, కరెంటు అక్కర్లేనిది, ప్రతి బిల్డింగులోనూ చట్ట ప్రకారం కట్టి తీరాల్సింది. దానికి అలారం బిగించి, లక్షలు పోసి మెట్ల మిషన్ కొన్నారు.

మెట్ల మహిమ లోకానికి తెలియక కాదు. తెలిసి డెబ్బై ఏళ్లు దాటింది. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని, దాదాపు 31 వేల మందిని, ఏళ్ల తరబడి గమనించి 1953లో 'లాన్సెట్' పత్రికలో రాశాడు. బస్సు ఒకటే, రూటు ఒకటే, పీల్చే పొగా ఒకటే. డ్రైవరు కూర్చుంటాడు, కండక్టరు టికెట్ల కోసం పొద్దస్తమానం పైకీ కిందికీ మెట్లెక్కి దిగుతాడు. గుండెజబ్బు డ్రైవర్లనే ఎక్కువ పట్టుకుంది. మనిషి నిజాయితీపరుడు కాబట్టి అంతటితో సంబరపడలేదు. మూడేళ్ల తర్వాత ఆయన బృందం వాళ్ల యూనిఫాం ప్యాంట్ల నడుం కొలతలు తెప్పించి చూసింది. చిన్న వయసు వాళ్లలో కూడా డ్రైవర్ల నడుమే పెద్దది. అంటే తేడా కొంత ముందునుంచే ఉందేమోనన్న అనుమానం ఆయనే బయటపెట్టాడు. మన వెల్‌నెస్ కన్సల్టెంట్లలో ఒక్కడైనా తన క్లయింటు ప్యాంటు కొలిచి తన ప్రెజెంటేషన్ తానే అనుమానించాడా?

ఒక్క విషయం గమనించండి. ఆ కండక్టరుకు ఎవరూ 'వ్యాయామ అవకాశం' కల్పించలేదు. పనిలోనే కదలిక ఉంది. మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు జీరో టికెట్లు కొడుతూ కిక్కిరిసిన బస్సులో ఈ కొస నుంచి ఆ కొసకు దూరుకుంటూ వెళ్లే మన ఆర్టీసీ కండక్టరమ్మకు కూడా ఏ మెయిలూ రాలేదు. కూర్చోవడం అసలే లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే పెద్ద బట్టల షోరూముకు వెళ్లాలి. పట్టుచీరల సెక్షన్లో నిలబడ్డ అమ్మాయి పొద్దున్న పదింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా గోడకు ఆనుకున్నా సూపర్‌వైజర్ కళ్లెర్రజేస్తాడు. కేరళలో ఇలాంటి అమ్మాయిలు ఏళ్ల తరబడి పోరాడితే 2018లో చట్టం సవరించి కూర్చునే హక్కు ఇచ్చారు. తమిళనాడు 2021లో ఇచ్చింది. ఇటు గచ్చిబౌలిలో లేచే వీల్లేక లివరు పాడవుతోంది, అటు షోరూములో కూర్చునే వీల్లేక కాళ్లలో నరాలు ఉబ్బుతున్నాయి. ఒకరి కుర్చీ ఇంకొకరికి రోజుకు రెండు గంటలు ఇస్తే ఇద్దరి రోగమూ సగం కుదిరేది. కానీ అలా చేస్తే ఇద్దరి యజమానుల దగ్గరా ఫొటో దిగడానికి ఏమీ మిగలదు.

ఇక సర్కారు వారి సంగతి. వాళ్లు కంపెనీలను మించినవాళ్లు. కేంద్ర ఆయుష్ శాఖ 2021 సెప్టెంబరులో ఆఫీసుల కోసం 'వై-బ్రేక్' అని ఒక యాప్ విడుదల చేసింది. ఐదు నిమిషాల యోగా. సిబ్బంది వ్యవహారాల శాఖ దాన్ని ప్రచారం చెయ్యమని మంత్రిత్వ శాఖలన్నిటికీ ఉత్తరం రాసింది. ఐదు నిమిషాలు కూడా నిలబడే తీరిక ఉద్యోగికి లేదని గ్రహించి కాబోలు, 2023లో కుర్చీ యోగా తెచ్చింది. లేవనక్కర్లేదు. కూర్చోవడం వల్ల వచ్చిన జబ్బుకు కూర్చునే చేసే వైద్యం! ఆ ఐదు నిమిషాల్లో తాడాసనం దగ్గర్నుంచి భ్రామరి దాకా ఉన్నాయి. సెక్షన్లో గుమస్తాలందరూ ఒక్కసారి కళ్లు మూసుకుని భ్రామరి పట్టారనుకోండి, ఫైలు కోసం కిటికీ దగ్గర నిలబడ్డ పెన్షనరుకు ఆఫీసులో పని జోరుగా సాగుతున్నట్టు వినిపిస్తుంది.

యోగాను నేను వెక్కిరించడం లేదు. యోగా మంచిదే, నడక మంచిదే, చెమట మరీ మంచిది. వెక్కిరించాల్సింది క్యాలెండర్‌ను. 2025 జూన్ 21న విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా మూడు లక్షల మందికి పైగా వరుసలో కూర్చుని ప్రధానమంత్రి సమక్షంలో ఆసనాలు వేశారు. గిన్నిస్ రికార్డు వచ్చింది. అంతకు ముందు నెల రోజులపాటు 'యోగాంధ్ర' పేరిట ఊరూరా సాధన. బాగుంది. అదే జూన్‌లో అదే రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజు పని గరిష్ఠ పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచడానికి ఆమోదం తెలిపింది. ఐదు గంటల పని తర్వాత ఇవ్వాల్సిన విరామాన్ని ఆరు గంటల తర్వాతకు జరిపింది. తెలంగాణ వెనకబడుతుందా? జులై మొదట్లోనే జీవో ఇచ్చింది, దుకాణాలు మినహా వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటలు పని చేయించుకోవచ్చని. వారానికి 48 గంటలే కదా, మించితే ఓవర్‌టైమ్ ఇస్తాం కదా అంటారు. అనండి. ఓవర్‌టైమ్ డబ్బు చేతికొస్తుంది, వెన్నుపూస చేతికి రాదు. ఆంధ్రలోనైతే చాప మీద నడుం వంచమన్న చేతే నడుం విరిచే కాగితం మీద సంతకం పెట్టింది, అదీ ఒకే నెలలో.

వీళ్లను అనేం లాభం, పెద్దవాళ్ల ఆలోచన ఇంకా పెద్దది. ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు 2023లో యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారి వీడియో 2025 జనవరిలో బయటికొచ్చింది. ఆయన 90 దాకా వెళ్లారు, ఆదివారం ఇంట్లో కూర్చుని భార్యను ఎంతసేపని చూస్తారని కూడా అడిగారు. పెద్దాయన అడిగారు కదా, లెక్కవేసి చెబుదాం. వారానికి 168 గంటలు. 90 ఆఫీసుకు. రోజుకు ఏడు గంటల నిద్రకు 49. రానూపోనూ రోజుకు రెండున్నర చొప్పున, ఆదివారం కూడా పనే కనుక, పదిహేడున్నర. మిగిలింది పదకొండున్నర. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలంది, రెండున్నర గంటలు తీసేయండి. తొమ్మిది గంటలు. అందులోనే ఏడు రోజుల స్నానం, పానం, తిండి, పిల్లల హోంవర్కు, కరెంటు బిల్లు, అత్తగారి కంటి ఆపరేషన్. అయ్యా, మీరు భయపడ్డంతసేపు భార్య ముఖం చూడటం కుదరదు. ఆవిడా ఉద్యోగస్తురాలే అయితే ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడానికి కూడా క్యాలెండర్ ఆహ్వానం పంపుకోవాలి.

ఈ మొత్తం వ్యవహారంలో నన్ను అబ్బురపరిచేది నేరం చేతులు మారిన తీరు. కుర్చీ కంపెనీది, గంటలు కంపెనీవి, క్యాంటీన్లో సాయంత్రం పెట్టే సమోసా కంపెనీది, ఆఖరికి పొట్ట మాత్రం ఉద్యోగిది. 'మేం జిమ్ పెట్టాం, నువ్వే రాలేదు.' రేపు అతను గుండె పట్టుకుని కుప్పకూలితే సంతాప సందేశంలో రాసుకోవడానికి ఆ మాట పనికొస్తుంది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లో 233 సంస్థల్లో 46 వేల మంది ఉద్యోగుల సమాధానాలు పరిశీలించి 2024లో రాసిందీ ఇంచుమించు ఇదే. ధ్యానం యాప్‌లు, ఒత్తిడిని తట్టుకునే తరగతులు, ఇలా ఉద్యోగిని బాగుచెయ్యబోయే పథకాలలో పాల్గొన్నవాళ్లకూ పాల్గొననివాళ్లకూ క్షేమంలో తేడా లేదు. తేడా కాస్త కనిపించింది స్వచ్ఛంద సేవకు వెళ్లినవాళ్లలోనే. బాగుచెయ్యాల్సింది మనిషిని కాదు, పనిని అని ఆయన గోల. ఆ వ్యాసాన్ని కూడా మనవాళ్లు వెల్‌నెస్ వెబినార్‌లో స్లైడ్‌గా పెట్టుకోగలరు, వాళ్ల మీద నాకా నమ్మకం ఉంది.

ఇవన్నీ చదివి ఒక కుర్రాడు ధైర్యం చేసి హెచ్చార్ మేడమ్ దగ్గరికి వెళ్లాడు.

"మేడమ్, మాకు జిమ్ వద్దు, జుంబా వద్దు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటి దాకా ఎవరూ మీటింగ్ పెట్టకూడదని ఒక్క రూలు పెట్టించండి చాలు. అన్నం తిని కాసేపు బయట నడిచొస్తాం. ఆ మెట్ల తలుపొకటి తీయించండి, కార్డు గీకే లోపలికొస్తాం."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "వావ్, గ్రేట్ ఫీడ్‌బ్యాక్ అండీ! కానీ అవన్నీ బిజినెస్ వాళ్ల డెసిషన్స్, మన చేతిలో ఉండవు కదా. మీ ఇంట్రెస్ట్ చూస్తే ముచ్చటేస్తోంది. మిమ్మల్ని మన ఫ్లోర్ వెల్‌నెస్ చాంపియన్‌గా నామినేట్ చేసేస్తున్నా."

సాయంత్రానికల్లా కుర్రాడి క్యాలెండర్‌లో ఆహ్వానం పడింది: 'వెల్‌నెస్ చాంపియన్స్ సమావేశం. ప్రతి బుధవారం మధ్యాహ్నం 1 నుంచి 2 వరకు. హాజరు తప్పనిసరి. కెమెరా ఆన్‌లో ఉండాలి. సమావేశం ముగిసేదాకా సీట్లోంచి లేవరాదు.'